వికీపీడియాకి ఫొటో ఇవ్వాలనుకుంటే: ఏ లైసెన్సు, ఏ దారి?

వికీపీడియాలకి ఫొటోలు అందించే వికీమీడియా కామన్స్ అనే సైటులో ఫొటో ఎక్కించేటప్పుడు ఫైలు ఎంచుకోగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇది మీ సొంత కృతా, వేరేవాళ్లదా? చాలామంది దీని దగ్గర అరక్షణం కూడా ఆగరు. నా ఫోన్లో ఉంది కాబట్టి నాదే అనుకుని నొక్కేస్తారు. నేనూ అలాగే నొక్కాను. ఒక సభలో నేను మాట్లాడుతుంటే, నా ఫోనే పక్కనున్న మిత్రుడి చేతికిచ్చి తీయించుకున్న ఫొటో అది. నాలుగు రోజులకి నా చర్చాపేజీలో తొలగింపు నోటీసు కనబడింది. "ఫొటోలో ఉన్నది మీరే కదా, మరి తీసిందెవరు?" అని అడిగారు. ఫోను నాది, మొహం నాది, కాపీహక్కు మాత్రం బటన్ నొక్కినవాడిది. వాడి చేత అనుమతి మెయిలు పంపించాక గానీ ఆ ఫొటో నిలబడలేదు.

మరి బటన్ నొక్కింది కోతైతే? నవ్వులాటకి అడగడం లేదు. ఇండొనేసియాలో డేవిడ్ స్లేటర్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ కెమెరాతో ఒక కోతి తన ఫొటో తనే తీసుకుంది. 2011లో అది పత్రికలకెక్కింది, తర్వాత కామన్స్‌లోకీ చేరింది. ఆ ఫొటో నాది, తీసెయ్యండని ఆయన అడిగితే, ఈ సైట్లని నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఒప్పుకోలేదు. మనిషి తీయని ఫొటోకి కాపీహక్కే ఉండదన్నది వాళ్ల వాదన. కోతి పళ్లికిలించుకుంటూ ఇప్పటికీ అక్కడే ఉంది.

కాబట్టి లైసెన్సు సంగతి తర్వాత, ముందు ఆ ఫొటో ఎవరిదో తేలాలి. వాట్సాప్‌లో వచ్చింది మీది కాదు. గూగుల్లో దొరికింది మీది కాదు. తాతగారి ఆల్బమ్‌లో ఉన్నది కూడా, అచ్చు మీ చేతిలో ఉన్నంత మాత్రాన మీది కాదు. కాగితం వేరు, దాని మీది హక్కు వేరు. మీరే తీశారని తేలిందా, అప్పుడు అసలు ఎంపిక మొదలవుతుంది.

ఏం జరిగితే మీకు మండుతుంది?

ఏ లైసెన్సు మంచిదని అడిగేవాళ్లకి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఫొటోకి ఏం జరిగితే మీకు ఒళ్లు మండుతుంది? మీ పేరు లేకుండా వాడితేనా? ఎవరో దాంతో డబ్బు చేసుకుంటేనా? కత్తిరించి, రంగులు మార్చి ఇంకేదో చేస్తేనా?

రెండోదో మూడోదో మీ జవాబైతే, ఆ ఫొటో కామన్స్‌కి ఇవ్వకండి. నిష్ఠూరంగా అనిపించినా ఇది ముందే చెప్పాల్సిన మాట. తమ కృతుల్ని ఇతరులు వాడుకోనిచ్చేవాళ్ల కోసం క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే వేరే సంస్థ తయారుచేసిన లైసెన్సులు ఆరున్నాయి. వాటిలో వ్యాపారానికి వాడకూడదనే ఎన్‌సీ షరతు గానీ, మార్పులు చేయకూడదనే ఎన్‌డీ షరతు గానీ తగిలించుకున్నవి నాలుగు. ఆ నాలుగింటికీ కామన్స్‌లో చోటు లేదు. మిగిలేవి రెండే: సీసీ బై, సీసీ బై ఎస్‌ఏ. వీటికి తోడు, హక్కులన్నీ వదిలేసుకునే సీసీ జీరో.

ఇదంతా ఎవరో నిర్వాహకుల పట్టుదల అనుకుంటారు చాలామంది. కాదు. ఎవరైనా, ఎక్కడైనా, వ్యాపారంతో సహా ఏ పనికైనా వాడుకోగలిగే విజ్ఞానం ఇవ్వాలన్నది ఈ ప్రాజెక్టుల మూల నియమం. 2007 మార్చిలో వికీమీడియా ఫౌండేషన్ బోర్డు దీన్ని తీర్మానంగానే రాసిపెట్టింది. వికీపీడియా వ్యాసాలు పుస్తకాలుగా అచ్చవుతాయి, యాప్‌లలోకి వెళ్తాయి, వాటిని అమ్మేవాళ్లూ ఉంటారు. మధ్యలో ఒక్క ఫొటోకి "అమ్మకూడదు" అని ఉంటే అక్కడ చిక్కు పడుతుంది. అందుకే "వికీపీడియాలో వాడుకోవడానికి మాత్రమే అనుమతిస్తున్నాను" అని ఎంతో ఉదారంగా రాసిచ్చిన ఉత్తరాలు కూడా పనికిరావు. పాపం, రాసిచ్చినవాళ్లు నొచ్చుకుంటారు కూడా.

సీసీ జీరో, సీసీ బై, సీసీ బై ఎస్‌ఏ

ఈ మూడింటిలో సీసీ జీరో అన్నిటికంటే వదులైనది. 2009లో వచ్చింది. చట్టం అనుమతించినంత మేరకు హక్కులన్నీ వదిలేసుకుంటున్నానని దాని అర్థం. పేరు వేయాలని ఎవరినీ నిలదీయలేరు. ఖాళీ మ్యాపులు, ఐకాన్లు, సాదా రేఖాచిత్రాలు, పాత పత్రాల స్కాన్లు వంటివాటికి ఇదే హాయి. వాటిలో మన సృజన ఎంత గనక, దానికి పేరు కోసం పట్టుబట్టడానికి?

మంచి ఫొటోల విషయంలో మాత్రం కాస్త ఆగమంటాను. క్యారల్ హైస్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన వేలాది ఫొటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ద్వారా అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. తర్వాత ఆమె సంస్థ వెబ్‌సైట్లో ఆమె ఫొటో ఒకటి పెట్టుకున్నందుకు, 120 డాలర్లు కట్టమంటూ, ఫొటోలు అమ్మే ఒక స్టాక్ ఫొటో సంస్థ తరఫున నోటీసొచ్చింది. తన ఫొటోకి తననే డబ్బడిగారన్నమాట! 2016లో ఆమె కోర్టుకి వెళ్లింది గానీ, ఫొటోల హక్కులు అప్పటికే వదిలేసుకుంది కాబట్టి కాపీహక్కు దావా నిలవలేదు. హక్కులు వదిలేసుకున్నాక ఎదుటివాడి దబాయింపుని ఎదుర్కోవడానికి మన చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఆ సంగతి తెలిసే ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లకి దండం. తెలియక ఇస్తేనే బాధ.

సీసీ బై అంటే ఒకటే షరతు: నా పేరు వేయండి, లైసెన్సు చెప్పండి, మార్పులు చేస్తే చేశామనండి. ఆ తర్వాత ఏమైనా చేసుకోండి. మీ ఫొటో ఆధారంగా ఎవరైనా పోస్టరు చేసి, ఆ పోస్టరు మీద సర్వహక్కులూ తమవేనని రాసుకోవచ్చు, మీ పేరుంటే చాలు. ఫొటో ఎంత దూరం పోతే అంత మంచిదనుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. పరిశోధకులు, సంస్థల ప్రచార విభాగాలవాళ్లు ఎక్కువగా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇదే.

సీసీ బై ఎస్‌ఏలో ఇంకో మెలిక ఉంది. మీ ఫొటోని మార్చి కొత్తది చేస్తే, ఆ కొత్తదాన్ని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. నేను ఉచితంగా ఇచ్చాను, నువ్వూ ఉచితంగానే ఇవ్వు అని. వికీపీడియా వ్యాసాలు కూడా ఈ లైసెన్సు కిందే ఉన్నాయి. 2009 నుంచి 3.0 కూర్పు, 2023 నుంచి 4.0 కూర్పు.

దీని మీద ఒక భయం బాగా పాతుకుపోయింది: బై ఎస్‌ఏ ఫొటో ఒక్కటి వాడితే పత్రిక మొత్తం ఉచితం చేయాల్సి వస్తుందని. అలా ఏమీ లేదు. వ్యాసం పక్కన ఫొటోని ఉన్నదున్నట్టు వేస్తే ఆ వ్యాసానికి ఏమీ అంటుకోదు. ఫొటో మాత్రమే బై ఎస్‌ఏగా ఉంటుంది. అదే ఫొటోని ముక్కలు చేసి, రంగులద్ది పుస్తకం ముఖచిత్రంగా మలిస్తే, అప్పుడు ఆ ముఖచిత్రానికి ఎస్‌ఏ షరతు వర్తిస్తుంది. లోపలి పేజీలకి కాదు.

నన్నడిగితే, ఫొటోలకి బై ఎస్‌ఏ 4.0. పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. పేరు ఉంటుంది, ఫొటోని ఎవరూ చుట్టేసుకుని గదిలో పెట్టి తాళం వేయలేరు. ఆ షరతు నచ్చని కంపెనీ ఏదైనా మీ దగ్గరికొచ్చి విడిగా అనుమతి కొనుక్కోవచ్చు కూడా. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చినంత మాత్రాన మీ హక్కు పోదు, అదే ఫొటోని ఇంకో ఒప్పందం మీద అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు. ఈ సంగతి తెలియక ఫొటోలు దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

కొందరు ఇంకో తెలివి చేస్తారు. చిన్న సైజు ఫొటో ఉచితంగా ఇచ్చి, పెద్దది అమ్ముకుందామని. చేయొచ్చు. కానీ చట్టం దృష్టిలో రెండూ ఒకే కృతి అయితే, చిన్నదానికిచ్చిన లైసెన్సు పెద్దదానికీ వర్తించే వీలుందని క్రియేటివ్ కామన్స్ వాళ్లే హెచ్చరిస్తారు. కాబట్టి దాని మీద వ్యాపారం కట్టుకోకండి.

3.0, 2.0 లాంటి పాత కూర్పులు ఎంచుకోవచ్చా? కుదురుతుంది గానీ వద్దు. పాతవాటిలో ఎవరైనా పేరు వేయడం మరచిపోతే లైసెన్సు అక్కడికక్కడే రద్దయిపోతుంది. దీన్ని ఆసరా చేసుకుని, చిన్న పొరపాటుకి పెద్ద నోటీసులు పంపి డబ్బు గుంజే బాపతు కూడా తయారైంది. 2013లో వచ్చిన 4.0 ప్రకారం, తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిచేసుకుంటే పోయిన అనుమతి దానంతటదే తిరిగొస్తుంది. జీఎఫ్‌డీఎల్ అనే ఇంకో పాతకాపు లైసెన్సు ఉంది. సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ కోసం పుట్టినది. ఫొటో వాడితే లైసెన్సు పాఠం మొత్తం దాని వెంట తిప్పాలి. 2018 అక్టోబరు 15 తర్వాత అదొక్కటే పెట్టిన ఫొటోలని కామన్స్ తీసుకోవడం లేదు. దాని జోలికి పోనక్కర్లేదు.

ఈ ఎంపికలన్నిటికీ ఒకే దిశ. బై ఎస్‌ఏ ఇచ్చినవాళ్లు రేపు మనసు మారితే సీసీ జీరో కూడా ఇవ్వచ్చు. సీసీ జీరో ఇచ్చి బై ఎస్‌ఏకి వెనక్కి రాలేరు. ఇచ్చిన లైసెన్సుని వెనక్కి తీసుకోవడమన్నది ఈ మూడింట్లోనూ లేదు. ఎక్కించిన 7 రోజుల్లోపు, ఆ ఫొటో ఎక్కడా వాడకంలో లేకపోతే, తీసెయ్యమని అడిగితే మామూలుగా తీసేస్తారు. ఆ వారం దాటాక అడిగితే చర్చ పెడతారు, ఉంచేయనూ వచ్చు. అందుకే ఎటూ తేలకపోతే బిగువుగా ఉన్నదానితో మొదలుపెట్టడం మేలు.

పేరు వేయడమంటే ఏమిటో కూడా చూపిస్తాను, ఎందుకంటే తప్పంతా ఇక్కడే జరుగుతుంది. ఫొటో కింద "సోర్స్: ఇంటర్నెట్" అనో "కర్టసీ: వికీపీడియా" అనో వేసేస్తుంటారు. వికీపీడియా ఆ ఫొటో తీయలేదు, దానికి హక్కూ లేదు. ఉండాల్సింది ఇలా: "ఫొటో: తీసినవారి పేరు, సీసీ బై ఎస్‌ఏ 4.0, వికీమీడియా కామన్స్ నుంచి". వెబ్‌లో అయితే లైసెన్సుకీ ఫైలు పేజీకీ లింకులు. కత్తిరిస్తే "కత్తిరించినది" అని ఒక్క మాట. అంతే, ఒక్క వరుసలో పని అయిపోతుంది.

కామన్స్‌లోనా, మీ భాష వికీలోనా?

మీ సొంత ఫొటో అయితే కామన్సే. అక్కడ పెడితే 300కి పైగా భాషల వికీపీడియాలు దాన్ని నేరుగా వాడుకుంటాయి. 2004లో కామన్స్ పెట్టిందే అందుకు.

సినిమా పోస్టరు, పుస్తకం అట్ట, సంస్థ లోగో అయితే దారి మారుతుంది. వీటికి సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్) అనే వెసులుబాటు ఉంది, అంటే హక్కుదారు అనుమతి లేకుండానే పరిమితంగా వాడుకోవడం. అది కామన్స్‌లో చెల్లదు, పొరపాటున పెడితే పీకేస్తారు. ఏ భాష వికీ అందుకు సొంత నియమం పెట్టుకుందో, ఆ వికీలోనే విడిగా ఎక్కించాలి. తెలుగు వికీపీడియా, ఇంగ్లీషు వికీపీడియా ఒప్పుకుంటాయి. స్పానిష్ వికీలో స్థానికంగా ఎక్కించే వీలే తీసేశారు. జర్మన్ వికీ సముచిత వినియోగాన్ని నమ్ముకోదు. కాబట్టి తెలుగు వ్యాసంలో కనబడే పోస్టరు స్పానిష్ వ్యాసంలో ఎందుకు లేదంటే, దానికి కారణం ఇది.

ఈ దారిలో షరతులు ఎక్కువ. ఇంగ్లీషు వికీలో 10 నియమాలున్నాయి. ముఖ్యమైనది: ఉచితంగా దొరికే ఫొటో ఉన్నా, లేదా ఎవరైనా వెళ్లి తీయగలిగినా, హక్కులున్న ఫొటో పెట్టకూడదు. బతికున్న వ్యక్తులకి పత్రికల్లో వచ్చిన ఫొటో పెడితే నిలవకపోవడానికి ఇదే కారణం, ఆ మనిషి ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటాడు కదా. సైజు కూడా చిన్నగా ఉండాలి, మొత్తం ఒక లక్ష పిక్సెళ్ల చుట్టుపక్కల. అంటే 300 వెడల్పు, 330 ఎత్తు అనుకోండి. ఏ వ్యాసంలోనూ వాడకపోతే 7 రోజులకి పోతుంది.

లోగోల్లో మాత్రం ఒక చిన్న వెసులుబాటు. వట్టి అక్షరాలూ సాదా గీతలూ తప్ప ఇంకేమీ లేని లోగోకి చాలాచోట్ల కాపీహక్కు పుట్టదు. అలాంటివి కామన్స్‌లోనే పెట్టొచ్చు, ట్రేడ్‌మార్కు అని గుర్తు పెడితే చాలు. బొమ్మ కాస్త క్లిష్టంగా ఉందా, స్థానిక వికీకే పోండి. ఎంత క్లిష్టమైతే కాపీహక్కు పుడుతుందనేది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో కాస్తంత సృజనకే కాపీహక్కు పుట్టేస్తుందని 2023 దాకా పేరుండేది.

ఒక ఫొటోలో రెండు హక్కులు

సొంత కెమెరాతో సొంతంగా తీసిన ఫొటో కూడా పోవచ్చు. ఇది జరిగినప్పుడు కొత్తవాళ్లకి నిజంగా కోపం వస్తుంది. మీరు తీసింది ఒక శిల్పాన్ని అనుకోండి. ఫొటో మీది, శిల్పం శిల్పిది. శిల్పి బతికున్నా, చనిపోయి హక్కుల కాలం తీరకపోయినా, మీ లైసెన్సు ఒక్కటే చాలదు.

బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నవాటిని ఫొటో తీసి వాడుకోవచ్చని కొన్ని దేశాల చట్టాలు మినహాయింపు ఇస్తాయి. జర్మనీ, బ్రిటన్ ఇస్తాయి. అమెరికాలో భవనాలకి ఉంది, శిల్పాలకి లేదు. ఫ్రాన్స్‌లో 2016లో తెచ్చిన మినహాయింపు వ్యాపారేతర వాడకానికే, కాబట్టి కామన్స్‌కి పనికిరాదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందున్న గాజు పిరమిడ్ 1989లో తెరిచారు, వాస్తుశిల్పి ఐ. ఎం. పెయ్ 2019లో చనిపోయారు. ఫ్రాన్స్‌లో హక్కులు మరణానంతరం 70 ఏళ్లు. లెక్కేసుకుంటే 2090 దాకా ఆ పిరమిడ్ ఒక్కదాన్నే దగ్గరగా తీసిన ఫొటో కామన్స్‌కి ఇవ్వలేం. మొత్తం ప్రాంగణం తీస్తే, అందులో పిరమిడ్ ఒక భాగంగా పడితే, అది వేరు. బ్రస్సెల్స్‌లోని ఆటోమియం అనే కట్టడానిది కూడా ఇదే గొడవగా ఉండేది, 2016లో బెల్జియం చట్టం మార్చాక తీరింది.

అందుకని శిల్పాలూ కొత్త భవనాలూ తీసేటప్పుడు ఆ దేశపు నియమం ఒకసారి చూసుకోండి. కామన్స్‌లో దేశాలవారీగా పేజీ ఉంది. పాత వర్ణచిత్రాల సంగతి దీనికి తలకిందులు. కాపీహక్కు తీరిన చదునైన చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే, అందులో కొత్త సృజన లేదు, కొత్త హక్కూ లేదని 1999లో అమెరికా కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో చెప్పింది. కామన్స్ దాన్నే పాటిస్తుంది. శిల్పానికి ఇది కుదరదు. ఏ కోణం, ఏ వెలుగు అన్నది ఫొటోగ్రాఫరు ఎంచుకుంటాడు కాబట్టి, రెండు వేల ఏళ్ల నాటి శిల్పమైనా ఫొటో హక్కు అతనిదే.

పాత ఫొటోల సంగతి క్లుప్తంగా. రెండు తాళాలు తెరుచుకోవాలి: ఫొటో పుట్టిన దేశంలోనూ, సర్వర్లున్న అమెరికాలోనూ హక్కు తీరిపోయి ఉండాలి. అమెరికాలో పాత ప్రచురణలకి 95 ఏళ్లు గీటురాయి. ఫొటో చూడ్డానికి పాతగా ఉండటం లెక్కలోకి రాదు. ఎప్పుడు, ఎక్కడ అచ్చయిందో చూపించగలగాలి.

వేరేవాళ్ల ఫొటో కావాలంటే

మూడు దారులున్నాయి. యజమాని తన వెబ్‌సైట్లోనో ఫ్లికర్‌లోనో ఆ ఫొటో దగ్గర లైసెన్సు మార్చి పెట్టడం అన్నిటికంటే తేలిక. ఫ్లికర్ ఫొటోలనైతే కామన్స్‌లోని బాట్ (తనంతట తనే పనిచేసే ప్రోగ్రాము) చూసి నిర్ధారిస్తుంది. లేదా యజమాని వీఆర్‌టీ అనే స్వచ్ఛంద సేవకుల బృందానికి మెయిలు పంపాలి, ఫలానా ఫొటోని ఫలానా లైసెన్సు కింద ఇస్తున్నానని పేరుపెట్టి రాస్తూ. మీకు పంపిన మెయిలుని మీరు ఫార్వర్డ్ చేస్తే సరిపోదు. మూడోది, యజమానే ఖాతా తెరిచి ఎక్కించడం. చెప్పడానికి సులువు, పెద్దవాళ్లతో చేయించడం మాత్రం టెన్షన్.

ప్రముఖుల ఫొటోలకి నాకు ఇంకా మంచి దారి దొరికింది. ఒక రచయితని ఫొటో అడిగితే, స్టూడియోలో తీయించుకున్న చక్కటి ఫొటో ఒకటి పంపారు. తీసినాయన ఎక్కడున్నారో ఆయనకే తెలియదు. హక్కు తీసినాయనది, అనుమతి ఎవరినడగాలి? రెండు వారాలు దాని వెంటపడి విసిగిపోయాక, "అది వదిలేయండి సార్, ఒక సెల్ఫీ తీసుకోండి" అన్నాను. బటన్ నొక్కింది ఆయనే, హక్కు ఆయనదే. వీఆర్‌టీకి మెయిలు కూడా ఆ సాయంత్రమే పంపారు. ఆయన వ్యాసం సమాచారపెట్టెలో ఇప్పుడున్నది ఆ సెల్ఫీయే. భుజం దగ్గర చెయ్యి కాస్త అడ్డమొచ్చింది, వెనక పుస్తకాల బీరువా వంకరగా పడింది.